ధ్యానం పుస్తకంలో పడని నాలుగు లైన్లు

పార్థసారథి గారి మీద నా కోపం ఇది. ఆయన ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్లు చూసిన మనిషి. కామా తప్పుంటే ఫైలు వెనక్కి పంపేవాడినని తనే గొప్పగా చెప్పుకునేవారు. అలాంటాయన సొంత పుస్తకం దగ్గరికి వచ్చేసరికి, ఏ నాలుగు లైన్లు తీసేయాలో నన్ను తేల్చుకోమన్నారు. నేను ఏడో తరగతిలో బడి మానేసిన కంపోజిటర్ని. ఏవి తీశావని ఆ తర్వాతైనా ఆయన అడగలేదు. ఆ నాలుగు లైన్లు లేకపోవడం వల్ల నా భార్య సీతారత్నం చనిపోయింది.

ఇందులో నా పాలు కూడా ఉంది. అది వచ్చే చోట చెబుతాను.

మాది భీమవరం దగ్గర పల్లె. నాన్న పోయాక బడి మానేసి భీమవరంలో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చడం నేర్చుకున్నాను. ఎనభై మూడులో ఢిల్లీ వచ్చాను. అప్పట్లో ఇక్కడ తెలుగు టైపు పెట్టగలిగినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కకొచ్చేవాళ్లు. సీసం పోయి కంప్యూటర్ వచ్చాక, మునీర్కాలో అద్దెకున్న రెండు గదుల్లో ముందు గదిని ఆఫీసు చేసుకున్నాను. పెళ్లికార్డులు, తెలుగు సంఘాల సంచికలు, ఎప్పుడైనా ఒక చిన్న పుస్తకం. కంపోజింగ్ ఇంట్లో, అచ్చు నరైనాలో.

ప్రూఫు ఒక్కరే దిద్దితే తప్పులు మిగిలిపోతాయి. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు అచ్చుకాగితం మీద పెన్సిలు పెట్టి వెంబడించాలి. మా ఇంట్లో చదివేది రత్నం. తను పది పాసైంది, నాకంటే మూడు తరగతులు ఎక్కువ. కామా అంటే కామా అని, కొత్త పేరా అంటే కొత్త పేరా అని, అన్నీ పలుకుతూ చదివేది. ఇద్దరం పోట్లాడుకుంటుంటే మధ్యలో "ఫుల్‌స్టాప్" అనేది. ఇక ఆ మాట అక్కడితో సరి.

రెండు వేల నాలుగులో, వానలు పడుతున్న రోజుల్లో, పార్థసారథి గారు వసంత్ కుంజ్ నుంచి కారు వేసుకుని వచ్చారు. రిటైరై రెండేళ్లయింది. వాళ్ల కాలనీ హాల్లో ఆదివారం ఉదయం తెలుగువాళ్లను కూర్చోబెట్టి ధ్యానం చేయిస్తున్నారు. చేతిలో రాతప్రతి ఉంది. ధ్యానం అనే మాట ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది, దాని అర్థమేమిటి అని రాశారు.

"చిన్న పుస్తకమే పద్మనాభం. కానీ ఒక్క తప్పు ఉండటానికి వీల్లేదు. ధ్యానం పుస్తకంలో తప్పులుంటే చదివేవాడి ధ్యానమంతా వాటి మీదకే పోతుంది."

"ఉండవండి. మా ఆవిడ చదువుద్ది."

"ఆవిడ చదువుతారా? అచ్ఛా. అయితే నీ మీద కంటే ఆవిడ మీదే నమ్మకం పెట్టుకుంటాను."

రత్నం లోపలి గదిలోంచి నవ్వింది. ఆయన మా ఇంటికి వచ్చిన మొదటి రోజే ఆవిడను గౌరవించారు. అది కూడా చెప్పాలి కదా.

ఆ పుస్తకం చదువుతున్న పది రోజులూ ఇంట్లో ఒక సంతోషం ఉండింది. సంస్కృతంలో ధ్యానం అంటే మనసును ఒకదాని మీద నిలిపి తలచుకోవడమట. బౌద్ధుల పాళీలో అది ఝానం అయిందట. అక్కడి నుంచి చైనా వెళ్లి చాన్ అయింది, జపాన్ చేరి జెన్ అయింది.

"ఊళ్లు తిరిగేసరికి పేరు అరిగిపోయింది పాపం," అంది రత్నం. "మీరు ఇక్కడికొచ్చి పద్మాజీ అయినట్టు."

మా వీధిలో పాలవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా నన్ను పద్మాజీ అనే పిలుస్తారు. అది ఆడవాళ్ల పేరని వాళ్లకు తెలియదు.

"మనం రోజూ అంటాం చూడండి, నీ ధ్యాస ఎక్కడుందే అని. అదీ ఇందులోంచే వచ్చిందంట."

"మరి పరధ్యానం?"

"అది మీ గురించే రాశారు. పేరు వెయ్యలేదంతే. చదవమంటారా, టీ పెట్టమంటారా?"

ఇరవై ఒకటో పేజీలో ఇంగ్లీషు మాట సంగతి వచ్చింది. మెడిటేషన్ అన్నది లాటిన్ నుంచి వచ్చిందట. ఒక విషయాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూడటం, సాధన చేయడం అని అర్థమట. దాని వెనక ఇంకా పాత మూలం ఒకటి ఉందట. కొలత చూసి సరిచేయడం, బాగోగులు చూడటం అని దాని భావం. వైద్యానికి వాడే మెడిసిన్ అనే మాట కూడా అందులోంచే పుట్టిందని పండితులంటారట. పార్థసారథి గారు ఆ పేరాను ఇలా ముగించారు: "ధ్యానమూ వైద్యమూ ఒక తల్లి బిడ్డలు."

రత్నం ఆగింది. "ఈ లైను మళ్లీ చదవనా?"

"తప్పుందా?"

"లేదండి. బావుంది."

మళ్లీ చదివింది. నేను పెన్సిలు పట్టుకుని పేజీ తిప్పడానికి చూస్తున్నాను. అప్పటికే తనకు ఎడమ రొమ్ములో గడ్డ ఉందని, మూడు నెలలుగా ఎవరికీ చెప్పకుండా దాన్ని తడుముకుంటోందని నాకు తెలియదు.

రెండు ప్రూఫులూ తనే చదివింది. చివరిదాన్ని ఆయన దిద్ది పంపిన రోజు మా అమ్మాయి సునంద స్కూల్లో మీటింగుంటే రత్నం అక్కడికి వెళ్లింది. నేనొక్కడినే కూర్చున్నాను. ఇరవై ఒకటో పేజీ అంచున ఆయన నీలం పెన్నుతో కొత్తగా నాలుగు లైన్లు రాశారు.

"మాటలు ఒక మూలంలోంచి పుట్టినంత మాత్రాన వస్తువులు ఒకటే కావు. ధ్యానం వైద్యానికి బదులు కాదు. ఒంట్లో బాగోలేనివారు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ధ్యానం ఆ తర్వాతి సంగతి."

కంపోజ్ చేశాను. కంపోజ్ చేసేసరికి పుస్తకం ముప్పై మూడో పేజీలోకి జారింది. అచ్చుపని తెలియనివారికి ఇది చిన్న విషయం. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. ముప్పై రెండు పేజీలంటే సరిగ్గా రెండు ఫారాలు. ముప్పై మూడో పేజీలో నాలుగే లైన్లున్నా దాని కోసం ఇంకో అర ఫారం, అంటే ఎనిమిది పేజీల కాగితం, ఇంకో ప్లేటు కావాలి. నరైనాలో మిషను టైము నాలుగు గంటలకు. అప్పటికే రెండు దాటింది. ఫోన్ చేశాను.

"సార్, నాలుగు లైన్లు ఎక్కువయ్యాయండి. పేజీ దాటిపోతంది."

"ఎక్కడో అక్కడ సర్దవయ్యా. నీకు తెలియంది ఏముంది. నేను డెంటిస్టు దగ్గర ఉన్నాను."

"ఏయి తియ్యమంటారండి?"

"నువ్వే చూసుకో. బరువులేనివి చూసి తీసెయ్."

అక్షరం అర పాయింటు తగ్గించి ఉండొచ్చు. అలా చేస్తే అన్ని పేజీలూ కదులుతాయి, మొదటి నుంచీ మళ్లీ చూసుకోవాలి, ప్లేటు చేయడానికి ఇచ్చే ట్రేసింగు కాగితాలు మళ్లీ తీయాలి. నాకు ఓపిక లేకపోయింది. చివర వచ్చి పేజీని తోసింది ఏదో దాన్నే తీసేశాను. మా పనిలో ఎవరైనా అదే చేస్తారు. బరువైనవా, లేనివా అని చూడలేదు. ఐదు వందల కాపీలు నాలుగింటికి మిషనెక్కాయి.

ఆదివారం హాల్లో పుస్తకాలు పంచారు. మమ్మల్నిద్దరినీ రమ్మన్నారు. కూర్చోబోయే ముందు ఎవరైనా రెండు పేజీలు చదవాలని పార్థసారథి గారు అన్నారు. ఎవరూ లేవలేదు. ఆఫీసర్ల పిల్లలకు తెలుగు చదవడం రాదు, వాళ్ల భార్యలకు మొహమాటం. "సీతారత్నం గారూ, మీరు చదవండి," అన్నారు ఆయన. తను లేచి చదివింది. కామాలు పలకకుండా, వాటి దగ్గర ఆగుతూ చదివింది. ఇన్నేళ్లలో తను అలా చదవడం నేను వినలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చదివేది తనే. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని ఆరింటికే బస్సెక్కేది. జాయింట్ సెక్రటరీల భార్యలు సీతారత్నం గారూ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. ప్రెస్సువాడి భార్యకు అదేం చిన్నది కాదు. ఆ ఇరవై ఒకటో పేజీ ఎన్ని ఆదివారాలు చదివిందో. తను చదివిన మాట తనకే మంత్రం అయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం పైనున్న కాగితం కట్ట అందుకోబోయి చెయ్యి దించేసింది.

"ఏమైంది?"

"ఏం లేదు. గడ్డ."

"ఎక్కడ?"

చూపించింది. "ఉసిరికాయంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి కంగారెందుకు?"

"ఎన్నాళ్లయింది?"

"పోయిన వానలకి ముందు నించి."

డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. అక్కడి లేడీ డాక్టరు చేత్తో చూసి, పెద్దాసుపత్రికి చీటీ రాసి, ఈ వారంలోనే వెళ్లమంది. రత్నం ఆ చీటీని ధ్యానం పుస్తకంలో పెట్టుకుంది. వారం దాటింది, రెండు వారాలు దాటాయి.

"వెళ్దాం పద రత్నం."

"పొద్దున్న గంట, సాయంత్రం గంట కూర్చుంటున్నాను. మనసు అక్కడే నిలుపుతున్నాను. మెత్తబడినట్టే ఉంది. కోస్తే పాకుద్దంటారు. మా పిన్నీ కోయించుకున్నాకే పోయింది."

"కూర్చుంటే గడ్డలు కరుగుతాయంటే ఇన్ని ఆసుపత్రులెందుకు?"

"రెండూ ఒకటేనని ఆయన రాశారుగా. చదివింది నేను, కంపోజ్ చేసింది మీరు. ఇప్పుడు కాదంటే ఎలా?"

అప్పుడు గుర్తొచ్చాయి ఆ నాలుగు లైన్లు.

"ఆ పేరా కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. ఇది వైద్యానికి బదులు కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి అని. పుస్తకంలో పడలేదు."

"ఉంటే నేను చదివేదాన్నిగా."

"చివరి ప్రూఫులో రాశారు. నువ్వు స్కూలుకి వెళ్లిన రోజు."

తను నా వైపు తిరిగి కూర్చుంది. నమ్మడానికి సిద్ధంగా ఉన్న ముఖం అది. నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"మరెందుకు పడలేదు?"

నేనే తీశాను, పేజీ మిగల్లేదు, ఓపిక లేక తీశాను అని చెప్పాలి. ఆ మాటకు ఎంతసేపు పడుతుంది? కానీ తప్పు దిద్ది బతికే ఇల్లు మాది. అందులోనూ ఆదివారం అందరి ముందూ తను ఆ మాట అంటే, వసంత్ కుంజ్ నుంచి వచ్చే పనంతా పోతుందనుకున్నాను.

"ఆయనే తీసెయ్యమన్నారు," అన్నాను.

రత్నం కాసేపు ఆలోచించింది. ముఖం తేటపడింది.

"రాసి, మళ్లీ తనే తీయించారంటే, అది అక్కర్లేదని ఆయనకే అనిపించి ఉంటది. అంత చదువుకున్నాయన ఊరికే తియ్యరు కదా."

నా అబద్ధంతో తలుపు నేనే మూశాను. ఇక ఎన్ని చెప్పినా తను వినలేదు.

ఐదు నెలలు గడిచాయి. మీరు అడగొచ్చు, ఐదు నెలల్లో ఒక్క రోజైనా నిజం చెప్పలేకపోయావా అని. ప్రతి ఉదయం చెబుదామనే లేచేవాడిని. తను కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. లేచాక చెబుదాం అనుకునేవాడిని. లేచాక అబద్ధానికి ఇంకో రోజు వయసు పెరిగేది. పాత అబద్ధాన్ని ఒప్పుకోవడం కొత్తదాన్ని ఒప్పుకున్నంత తేలిక కాదు.

సునందకు అప్పుడు పదహారేళ్లు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. ఒకరోజు నా కుర్చీ వెనక నిలబడి, "పాపా, మమ్మీకో ఆప్ బోలో నా. మేరీ తో సున్‌తీ హీ నహీ," అంది. అమ్మకు మీరైనా చెప్పండి, నా మాట వినడం లేదు అని. నేను స్క్రీను మీదున్న పెళ్లికార్డులో పెళ్లికూతురి పేరు దిద్దుతున్నాను. "చెప్తాలే," అన్నాను.

ఆగస్టులో రత్నం జాకెట్టు మీద మరక చూశాను. గడ్డ పగిలింది. ఆ పూటే బస్సెక్కి పార్థసారథి గారి ఫ్లాటుకు వెళ్లాను. దారంతా ఆయన్ని ఎలా నిలదీయాలో మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. విషయం చెప్పాను. ఆయన లేచి అల్మారాలోంచి పుస్తకం తీసి ఇరవై ఒకటో పేజీ చూశారు. చాలాసేపు చూశారు.

"నా నాలుగు లైన్లు ఏమయ్యాయయ్యా?"

"మీరు అచ్చయ్యాక చదవలేదాండి?"

"చదవలేదు. చదివి విసుగొచ్చింది అప్పటికే."

"ఆదివారం ఆదివారం మీ ఎదురుగానే చదివింది కదండి మా ఆవిడ."

"ఆవిడ చదువుతుంటే నేను కళ్లు మూసుకుంటాను పద్మనాభం. మాటలు వినను, గొంతు వింటాను."

"మీరే కదండి సర్దమంది."

"సర్దమన్నాను. వీటిని తియ్యమన్నానా?"

"ఏవి తియ్యాలో చెప్పలేదు."

వంటింట్లో కుక్కరు కూత పెడుతోంది. తర్వాత ఆయన కారు తాళాలు తీసుకుని, "పద," అన్నారు.

ఆయనకు మోకాళ్ల నొప్పులు. మా ఇంటి ఇరుకు మెట్లు గోడ పట్టుకుని ఎక్కారు. రత్నం కంగారుపడి కొంగు భుజం మీదుగా కప్పుకుని లేవబోయింది.

"కూర్చోండమ్మా. ఆ పేరా కింద నేను నాలుగు లైన్లు రాశాను. జబ్బు చేస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలని. నేను తియ్యమనలేదు. మన క్లాసులో ఒకావిడ షుగరు మాత్రలు మానేసిందని తెలిసి, భయమేసి రాశాను. రేపే ఆసుపత్రికి వెళ్లండి. నా మాట విని వెళ్లండి."

"అలాగేనండి," అంది రత్నం. అంతే. ఐదు నెలలుగా కదలని మనిషి ఒక్క మాటకు ఒప్పుకుంది. నావైపు చూడలేదు. లేచి ఆయనకు టీ పెట్టింది, బిస్కెట్లు ప్లేటులో పెట్టి ఇచ్చింది. ఆయన వెళ్లాక కప్పు కడుగుతూ అడిగింది.

"తీసింది మీరా?"

"అవును."

"మరి ఆయన మీద పెట్టారేం?"

కప్పు బోర్లించి చేతులు తుడుచుకుంది.

"సునందకి చెప్పకండి. రేపు దానికి మీరొక్కరే ఉంటారు."

మర్నాడు చీకటితోనే పెద్దాసుపత్రి లైన్లో నిలబడ్డాం. చూసిన డాక్టరు కుర్రాడు చీటీ మీద తేదీ చదివి, "కాఫీ దేర్ కర్ దీ ఆప్‌నే," అన్నాడు. చాలా ఆలస్యం చేశారు అని. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందని తేలింది. అక్కడ కీమో మందు ఎక్కించడానికి తేదీ నెలన్నర తర్వాత ఇచ్చారు. ఆగలేక, ఢిల్లీ చివర బురాడీలో ఉన్న స్థలం అమ్మి ప్రైవేటుకు తీసుకెళ్లాను. మూడోసారి మందెక్కించేటప్పటికి జుట్టంతా పోయింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వార్డు కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. రత్నం వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది.

"ధ్యానమా?" అన్నాను మెల్లగా.

"కాదు. నొప్పి."

కళ్లు తెరవకుండానే అంది: "ధ్యాసంతా దాని మీదే ఉంటందండి. పక్కకి పోదామన్నా పోదు. మనసు ఒకచోట నిలపడం అంటే నాకు ఇప్పుడు తెలిసింది. ఆదివారాలు ఉత్తినే కూర్చున్నాం."

రెండు వేల ఆరు, ఫిబ్రవరి తొమ్మిదిన పోయింది. ఆదివారం ధ్యానానికి వచ్చేవాళ్లందరూ వచ్చారు. పార్థసారథి గారు వచ్చి మెట్ల దగ్గరే నిలబడిపోయారు. క్షమించమని ఆయన నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. ఆ తర్వాత ఆ పుస్తకం రెండో ముద్రణ వేశారని విన్నాను. ఇంకెవరో కంపోజ్ చేశారు. ఒక కాపీ సంపాదించి చూశాను. నాలుగు లైన్లూ ఉన్నాయి. పుస్తకం నలభై పేజీలు వచ్చింది, చివర ఏడు పేజీలు ఖాళీగా వదిలేశారు. ఆ ఏడు ఖాళీ పేజీలు నాకు మొదటిసారే ఇచ్చి ఉంటే అని అనుకోని రోజు లేదు. అలా అనుకున్నప్పుడల్లా మార్చి నెలలో నా వైపు తిరిగి కూర్చున్న రత్నం ముఖం కూడా వస్తుంది. ఆ రోజు కాగితం కొరత లేదు. మిషను టైము అయిపోవట్లేదు.

సునంద ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. శని, ఆదివారాలు వచ్చి వండిపెడుతుంది. అమ్మ మొండితనం వల్ల పోయిందనే అనుకుంటోంది. "మమ్మీ జిద్దీ థీ," అంటుంది పళ్లెంలో అన్నం పెడుతూ. నేను ఊ అంటాను. తనకు తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాయగలిగాను.

ఊరి నుంచి బంధువులు ఫోన్లు చేస్తారు. వైద్యానికి అంత తిరిగావు కదా పద్మనాభం, ఎంత పోయిందేంటి అని అడుగుతారు. ఆ ఒక్కదానికీ నేను తడుముకోకుండా జవాబు చెబుతాను. బురాడీలో పద్దెనిమిదేళ్ల కష్టంతో కొన్న స్థలం, తూర్పు ముఖం, అరవై రెండు గజాలు.